కర్మూస ఎవరి మాట?

కురియాచ్చన్‌కి పొద్దున్నే పేపరు చదవడం ఒక పని, చదివింది ఇంట్లో అందరికీ వినబడేలా చదవడం ఇంకో పని. ఇనుప సామాన్ల కొట్టు మూసేసి ఇంటిపట్టున కూర్చున్నప్పటినుంచి ఆయనకి రెండోదే ముఖ్యమైపోయింది. ఆ పొద్దున కూడా వరండాలో కుర్చీ వేసుకుని, పాలు లేని కట్టన్ కాపీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, వంటింట్లో కొబ్బరి కోరుతున్న భార్యని కేకేశాడు.

"ఏలీ, ఇలా రా. దేవుడు మన మొర ఆలకించాడు."

"అక్కణ్ణుంచే చదవండి ఇచ్చాయా, వినబడుతుంది" అంది ఏలిక్కుట్టి.

"అర పేజీ రాశాడు. ఫొటో కూడా వేశాడు, నీదే. కర్ర పట్టుకుని బొప్పాయి కోస్తున్నావు."

కొబ్బరి చప్పుడు ఆగింది. ఏలిక్కుట్టి చేతులు నైటీకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. రాసింది ధనపాలన్. సినిమాల మీద రాసేవాళ్ళలో పెద్ద తలకాయ. ఆయన మెచ్చితే మెచ్చినట్టు, తిడితే తిట్టినట్టు. అవతలివాళ్ళకి ఇక మాట్లాడ్డానికేమీ మిగలదు.

కురియాచ్చన్ గొంతు సవరించుకుని చదివాడు. "'రీత్తా మాథ్యూ తోట' చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు నన్ను మన్నించాలి. ఇది డాక్యుమెంటరీ కాదు. చక్కగా రాసుకుని చక్కగా నటింపజేసిన కథ. ఎర్నాకుళం దాటి ఎరగనని చెప్పే ఈ పాలా అమ్మచ్చి, బొప్పాయి కోస్తూ 'ఈ ఏడు కర్మూస బాగా కాసింది' అంటుంది. పాలా మనిషి నోట కర్మూస ఎలా వస్తుంది? కోట్టయం వైపు ఊళ్ళలో దాన్ని కప్పళంగ అంటారు. కర్మూస కోళిక్కోడ్ వైపు మాట. ఈ సినిమాకి ఎడిటింగ్ చేసిన కుర్రాడిది కోళిక్కోడే. మాటలెవరు రాసిచ్చారో వేరే చెప్పాలా? ఇక మోసపోయిందంటున్న వడకర వనజాక్షి టీచర్ తెరమీద ఒక్కసారీ కనబడదు. ఫోన్లో ఒక గొంతు, అంతే. అసలావిడ ఉంటే కదా కనబడ్డానికి."

పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పండక్కి కొత్త చొక్కా వేసుకున్నవాడి మొహంలా వెలిగిపోతోంది ఆయన మొహం. "విన్నావా? కథట. అంటే నువ్వు ఎవర్నీ మోసం చెయ్యలేదు, నేను చావలేదు. అంతా మన పిల్ల డెల్నా రాసుకున్న కథ. నువ్వు నటించావంతే."

ఏలిక్కుట్టి భుజాలు కాస్త కిందికి దిగాయి. సినిమా విడుదలైన దగ్గర్నుంచి ఆమె చర్చిలో ఎవరి మొహంలోకీ సూటిగా చూడలేదు. ఒక పేపరు 'గుండె తడిపిన సినిమా' అంది. ఇంకొకటి, కూతురు కన్నతల్లి పరువు బజారుకీడ్చిందంది. మరో ఆయన, ఇది మోసం గురించి కాదు ఒంటరితనం గురించి అని మూడు వారాలు వరసగా రాశాడు. ఎవరేం రాసినా అందులో ఉన్నది మాత్రం ఏలిక్కుట్టి చేసిన పనే.

ఆ పని ఏమిటో చెప్పాలి. ఏలిక్కుట్టి పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, కానీ మొక్క మొహం చూసి దానికేం జబ్బో చెప్పేస్తుంది. కొన్నేళ్ళ కిందట కూతురు పాత ఫోన్ ఇస్తే, ఫేస్‌బుక్‌లో పెరటి తోటలవాళ్ళ గుంపులో చేరింది. మిరప ఆకుముడత గురించి ఎవరో అడిగితే జవాబు రాసింది. ఒక్కరూ పట్టించుకోలేదు. మర్నాడు పేరు ముందు డాక్టర్ అని ఉన్న ఒకాయన అచ్చం అదే మాట రాస్తే నూరుమంది దండాలు పెట్టారు. ఏలిక్కుట్టికి ఒళ్ళు మండింది. మందారప్పువ్వు బొమ్మ పెట్టుకుని, 'రీత్తా మాథ్యూ, రిటైరయిన వ్యవసాయ అధికారిణి' అని కొత్త ఖాతా తెరిచింది.

అక్కడికి ఆగినా బాగుండేది. కోళిక్కోడ్ అవతల వడకర నుంచి వనజాక్షి అనే టీచర్, చనిపోయిన భర్త నాటిన కరివేపాకు చెట్టు ఎండిపోతోందని ఏడుస్తూ రాసింది. రీత్తా దాన్ని బతికించింది. ఆ సంతోషంలో టీచర్, 'మీరూ నాలాగే ఒంటరివారా?' అని అడిగింది. ఏలిక్కుట్టి వేలు 'అవును' అని కొట్టేసింది. ఆ ఒక్క మాటతో, వరండాలో పేపరు చదువుకుంటున్న కురియాచ్చన్ చనిపోయాడు. ఆ తరువాత నాలుగేళ్ళు ఆ ఇద్దరాడవాళ్ళూ పొద్దునా సాయంత్రం ఫోన్లో రాసుకున్నారు, గొంతు రికార్డు చేసి పంపుకున్నారు. చివరికి ఎవరో రీత్తా మాథ్యూకి సన్మానం చేద్దామని ఆరా తీస్తే అలాంటి అధికారిణి ఏ ఆఫీసులోనూ పనిచెయ్యలేదని తేలింది. గుంపంతా దుమ్మెత్తి పోసింది. వనజాక్షి ఒక్కసారి ఫోన్ చేసి, 'మీ ఆయన బతికే ఉన్నాడా?' అని అడిగి, జవాబు విని పెట్టేసింది. సెలవులకి ఇంటికొచ్చిన డెల్నా అప్పుడు తల్లి పక్కనే ఉంది. కొచ్చిలో వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా కెమెరా పని చేసుకునే పిల్ల. తల్లి ఒప్పుకున్నాకే కెమెరా తీసింది. టీచర్ మాత్రం కనబడనంది, ఫోన్లో మిగిలిన ఆవిడ గొంతే సినిమాలోకి వచ్చింది.

ఇప్పుడా డెల్నా మొదటి బస్సుకి దిగి, గేటు తోసుకుని వచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టుంది. తండ్రి ఒళ్ళో పేపరు చూసి అక్కడే మెట్టు మీద కూలబడింది.

"చదివారా?"

"చదివాం మోళే. ఇంతకన్నా మంచి మాట ఇంకెవరూ రాయలేదు" అన్నాడు కురియాచ్చన్.

"మంచి మాటా? అప్పచ్చా, నేను దొంగనని రాశాడు. నిన్న సాయంత్రమే ఇది నెట్‌లో పెట్టారు, ఢిల్లీ ఫిల్మ్ ఫెస్టివల్‌కి మన సినిమా తీసుకున్నవాళ్ళు రాత్రే ఫోన్ చేశారు. ఇది నిజమని తేల్చకపోతే తీసేస్తామన్నారు. శనివారం కోళిక్కోడ్‌లో ఫిల్మ్ సొసైటీవాళ్ళు చర్చ పెట్టారు. ధనపాలన్ కూడా వస్తున్నాడు. అక్కడ తేలకపోతే ఇక నా చేతికి కెమెరా ఎవరూ ఇవ్వరు."

"తేల్చడం ఎందుకు? కథే అని ఒప్పేసుకో. కథలకి బహుమతులివ్వరా?"

"నిజాన్ని తీసుకొచ్చి అబద్ధమని ఒప్పుకోమంటావా?"

"మీ అమ్మ అబద్ధాన్ని నిజమని చెప్పలేదూ? చెల్లుకి చెల్లు." కురియాచ్చన్ గొంతు పెరిగింది. "నీకేం తెలుసు నా బాధ? టీకొట్టు దగ్గర జోస్ నన్ను చూసి, కురియాచ్చా, ఎప్పుడు లేచి వచ్చావు సమాధిలోంచి అంటాడు. బతికున్న మనిషికి ఏటా ఫేస్‌బుక్‌లో తద్దినం పెట్టింది మీ అమ్మ. దానికి లోకమంతా సంతాపాలు. అందుకే పోయినవారమే చెప్పేశాను అందరికీ, మా ఏలీ కూతురి సినిమాలో నటించిందని. చర్చిలో అచ్చన్‌కి కూడా చెప్పాను. ఆయన, భలే నటించింది, వచ్చే క్రిస్మస్ నాటకంలో ఒక వేషం వేయిద్దామన్నాడు."

డెల్నా మెట్టు మీంచి సగం లేచింది. "ఫాదర్‌తో అబద్ధం చెప్పావా?"

"అబద్ధం ఆడినా అతికినట్టుండాలి. నాది అతికింది."

ఏలిక్కుట్టికి నవ్వొచ్చింది, కానీ నవ్వే సమయం కాదని ఊరుకుంది. డెల్నా తల్లివైపు తిరిగింది. "అమ్మచ్చీ, నిజం చెప్పు. ఆ మాట ఎక్కడిది? నేను నూరుసార్లు విన్నాను ఎడిటింగులో, నాకూ తట్టలేదు. మనింట్లో ఎవరమూ కర్మూస అనం. అమ్మమ్మ అనలేదు, నువ్వూ ఎప్పుడూ అనలేదు."

"ఏమో. నోటికొచ్చింది" అంది ఏలిక్కుట్టి. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయని లోపలికి పోయింది.

నోటికి ఏ మాటా ఊరికే రాదు. వంటింట్లో నిలబడి ఆమె ఆ మాటని రెండుసార్లు మెల్లిగా అనుకుంది. రెండోసారి అది తన గొంతులా లేదు. వనజ గొంతులా ఉంది. 'రీత్తేచ్చీ, ఇవాళ కర్మూస కొబ్బరేసి తోరన్ చేశాను, ఒక్కదాన్నే ఎంతని తింటాను' అని ఆ టీచరమ్మ అక్కని పిలిచినట్టు పిలిచి పంపిన మాటలు, 'కర్మూస ఆకు పచ్చబడింది చేచ్చీ, ఏం చెయ్యను' అని అడిగిన మాటలు, వర్షాకాలం పొద్దుటి పూట పోపు చప్పుడుతో సహా వినబడ్డాయి. రోజూ వింటూ ఉంటే తన నాలుకకి ఎప్పుడు అంటుకుందో తనకే తెలియలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బయటికొచ్చి కూతురితో చెప్పింది. "ఆ మాట వనజది. దాని దగ్గర్నుంచి వచ్చింది."

డెల్నా లేచి నిలబడింది. "అయితే వచ్చి అక్కడ చెప్పు అమ్మచ్చీ. ఇదే మాట చెప్పు."

"ఏం చెబుతుంది?" అన్నాడు కురియాచ్చన్. "నాలుగేళ్ళు లోకాన్ని నమ్మించిన మనిషి సాక్ష్యం ఎవడు నమ్ముతాడు? అబద్ధాలకోరు లేచి ఇదిగో నిజం అంటే నవ్వుతారు. ఇప్పుడు అందరూ నటి అనుకుంటున్నారు. అక్కడికెళ్ళి నటి కాదు, మోసగత్తెనే అని చెప్పుకుని వస్తావా ఏలీ? ఎందుకొచ్చిన గొడవ? నోరు మూసుకుని ఊరుకుంటే నీ పరువు నీకు, నా ప్రాణం నాకు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అది ఏలిక్కుట్టికీ తెలుసు. ఆ పొద్దున పేపరు వినగానే ఆమె గుండె మీంచి బండ దిగినట్టే అయింది. నటించానని ఒక్క మాటంటే చాలు, చేసిన తప్పంతా నాటకం కింద కొట్టుకుపోతుంది. ఆమె పేపరు తీసుకుని, కళ్ళజోడు లేకుండానే దూరంగా పట్టుకుని, ఆ చివరి వాక్యం మళ్ళీ చదువుకుంది.

"ఇచ్చాయా, నన్ను మోసగత్తె అననీ, నటి అననీ, నాకు పరవాలేదు. కానీ ఇదేమిటి? అసలావిడ ఉంటే కదా అని రాశాడు. నేను లేని రీత్తాని ఉందన్నాను. ఉన్న వనజని వీళ్ళు లేదంటుంటే నేను నోరు మూసుకోవాలా? దానికి ఒకసారి చేసిన ద్రోహం చాలదా?"

"ఆవిడ నీ మొహం కూడా చూడనంది."

"చూడొద్దు. లేదని మాత్రం అనిపించను."

కురియాచ్చన్ కాపీ గ్లాసు ఎత్తి చూసి, ఖాళీగా ఉంటే మళ్ళీ కింద పెట్టాడు. "అయితే మీరిద్దరూ వెళ్ళండి. నేను రాను. చచ్చినవాడు సభలకి రాడు."

ఆయన ఆ రెండ్రోజులూ భార్యతో మాట్లాడలేదు. శుక్రవారం తల్లీకూతుళ్ళు రైలెక్కారు. ఎర్నాకుళం దాటాక ఏలిక్కుట్టి కిటికీ దగ్గర్నుంచి కదలలేదు. ఇదంతా వనజ చెప్పిన దారే. ఈ నది గురించి చెప్పింది, ఆ ఇటుకబట్టీల గురించి చెప్పింది. తను మాత్రం రిటైరయిన అధికారిణిని కదా, అటంతా ఉద్యోగంలో తిరిగానని కోతలు కోసింది. కోళిక్కోడ్‌లో దిగి, ఆ రాత్రికి ఎడిటింగ్ చేసిన కుర్రాడి ఇంట్లో పడుకున్నారు. వాళ్ళమ్మ బోలెడు వండిపెట్టింది గాని ఏలిక్కుట్టికి ముద్ద దిగలేదు. పొద్దున కూడా టీ తప్ప ఏమీ ముట్టుకోలేదు.

సభ ఒక పాత లైబ్రరీ పై అంతస్తులో. కుర్చీలు నిండిపోయి వెనక గోడకి ఆనుకుని కూడా జనం నిలబడ్డారు. ధనపాలన్ సన్నగా, తెల్ల జుబ్బాతో, చాలా మర్యాదగా ఉన్నాడు. ఏలిక్కుట్టిని చూసి లేచి నమస్కారం పెట్టాడు. మర్యాదస్థుడు కొట్టే దెబ్బ ఎక్కువ తగులుతుందని డెల్నాకి తెలుసు.

మొదట డెల్నా మాట్లాడింది. తరువాత ధనపాలన్ తను రాసిందే మళ్ళీ చెప్పాడు, ఇంకా నెమ్మదిగా. అప్పుడు ఏలిక్కుట్టి లేచింది. మైకు అందుకోవడం తెలియక రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు సభల్లో మాట్లాడ్డం రాదు. నేను ఏలిక్కుట్టిని, పాలా నుంచి వచ్చాను. సినిమాలో ఉన్నది నేనే, నటించలేదు. చేసిన మోసం నేనే చేశాను. మా ఇంట్లో దాన్ని కప్పళంగ అంటాం. కర్మూస అన్నది నిజమే. ఆ మాట నాకు వనజాక్షి టీచర్ దగ్గర్నుంచి వచ్చింది. నాలుగేళ్ళు రోజూ మాట్లాడుకున్నాం. నాకే తెలియకుండా అంటుకుంది. ఆవిడ లేకపోతే ఆ మాట నాకెలా వస్తుంది? ఆవిడ ఉంది సార్. మీరు లేదని రాశారు, అది చెప్పి పోదామని వచ్చాను."

ధనపాలన్ తల పంకించాడు. "అమ్మచ్చీ, మీరు ఎంత బాగా చెప్పారంటే నాకు నమ్మాలనే ఉంది. కానీ రీత్తా మాథ్యూ కూడా ఇంత బాగానే చెప్పేది కదా. నాలుగేళ్ళు వేలమంది నమ్మారు. నేను మిమ్మల్ని అవమానించడానికి అనడం లేదు. మీ మాటకి మీ మాటే సాక్ష్యమైతే మేమేం చెయ్యాలి?"

ఎవరో నవ్వారు. ఏలిక్కుట్టికి మొగుడన్న మాట గుర్తొచ్చింది. అబద్ధాలకోరు నిజం చెబితే నవ్వుతారన్నాడు. నవ్వారు. మైకు కూతురి చేతికిచ్చి కూర్చోబోయింది. డెల్నా మొహం పాలిపోయింది.

"ఒక్క నిమిషం" అని నడుమ వరసలోంచి ఒక గొంతు వచ్చింది.

ఆ గొంతు వినగానే ఏలిక్కుట్టి గిర్రున అటు తిరిగింది. మొహం ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం కలలోనైనా గుర్తుపడుతుంది. లేచి నిలబడినావిడ పొట్టిగా ఉంది, చీరలా జరీ అంచు ముండు కట్టుకుంది, చంకలో గొడుగు. క్లాసులో అల్లరిపిల్లల వైపు చూసినట్టు ధనపాలన్ వైపు చూసింది.

"నా పేరు వనజాక్షి. వడకరలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. నేను లేనని పేపర్లో చూసి, ఉన్నానేమో ఒకసారి చూసుకుందామని వచ్చాను."

హాలంతా ఒక్కసారి కదిలింది. ధనపాలన్ లేచాడు. "టీచర్, మీరు..."

"కూర్చోండి. మాట్లాడ్డం అయ్యాక అడగొచ్చు." ధనపాలన్ కూర్చున్నాడు. "ఈవిడ నన్ను మోసం చేసింది. లేని పేరు చెప్పింది, లేని ఉద్యోగం చెప్పింది. అన్నిటికన్నా పెద్దది, బతికున్న మొగుణ్ణి చచ్చిపోయాడని చెప్పింది. ఆ మనిషి కోసం నేను ఏడ్చాను. మా ఆయన పోయిన రోజున దీపం పెడితే, ఆయన కోసం ఇంకో వత్తి వేశాను. కోపం నాకుంది, పోలేదు. అందుకే సినిమాలో కనబడనన్నాను. ఈ అమ్మాయి రెండుసార్లు మా ఇంటికొస్తే తలుపు తియ్యలేదు. అది నా ఇష్టం. కానీ కర్మూస అన్న మాట రాసిచ్చారని మీరెలా రాశారు? అది నా మాట. మా ఇంటి వంటింట్లోంచి వెళ్ళింది."

"సరే టీచర్" అన్నాడు ధనపాలన్, తలవంచి.

"ఇంకా అవలేదు. మాట పోతే అటే పోతుందా? పోయిన నెల బజారులో కాయలబండి దగ్గర నిలబడి, కప్పళంగ ఎలా ఇస్తున్నావు అని అడిగాను. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. టీచరే, ఎప్పుడొచ్చారు కోట్టయం నుంచి అని నవ్వాడు. అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఈవిణ్ణి నోట్లోంచి కూడా తీసెయ్యలేకపోతున్నానే అని."

ఏలిక్కుట్టి మొహం చేతుల్లో దాచుకుంది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా బయటికొచ్చి, సభ అని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. డెల్నా తల్లి వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది. ముందు వరసలో ఉన్న ముసలాయన ఒకడు, ఏడవాల్సింది ఎవరో తెలియక, తుండుతో తన కళ్ళు తుడుచుకున్నాడు.

వనజాక్షి గొడుగు కుర్చీకి తగిలించి, గొంతు తగ్గించింది. "ఒక్కటే అడగాలి. రీత్తేచ్చీ... కాదు, ఏలిక్కుట్టీ, ఆయన నిజంగా బతికే ఉన్నాడా? ఫోన్లో అవునన్నావు. అది కూడా నమ్మాలో వద్దో నాకు తెలియలేదు."

ఏలిక్కుట్టి తల ఎత్తేలోపే వెనక గోడ దగ్గర్నుంచి ఒక దగ్గు వినబడింది. జనం పక్కకి జరిగారు. చేతిలో సంచీ, చంకలో మడిచిన పేపరు, ప్రయాణంలో నలిగిన చొక్కా.

"నేనేనండీ ఆ పోయినవాణ్ణి" అన్నాడు కురియాచ్చన్.

ఆ నవ్వుకి లైబ్రరీ కిటికీలు అదిరాయి. ధనపాలన్ కూడా నవ్వాడు. ఆయన లేచి మైకు తీసుకుని, "నేను పొరబడ్డాను. ఒక మాట ఏ ఊరిదో నాకు తెలుసు, ఒక ఊరి మాట ఇంకో ఊరికి ఎలా పోతుందో మరిచిపోయాను. వచ్చే వారం ఇదే రాస్తాను" అన్నాడు. ఒప్పుకోవడం కూడా మర్యాదగానే చేశాడు, అది ఆయన గొప్పతనం. ఢిల్లీవాళ్ళ మనిషి ఎవరో డెల్నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. డెల్నాకి అతను చెప్పేదేమీ వినబడడం లేదు. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలింది. ఆ వారంలో అంత లోతుగా ఊపిరి తీసుకున్నది అప్పుడే.

కింద వరండాలో టీ ఇచ్చారు. ఇద్దరాడవాళ్ళూ ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఫోన్లో ఒక్క పూట ఆగకుండా మాట్లాడినవాళ్ళు వీళ్ళేనా అన్నట్టుంది.

"నన్ను క్షమించు అని అడిగే మొహం నాకు లేదు" అంది ఏలిక్కుట్టి.

"అడక్కు. ఇప్పుడే ఇవ్వను కూడా" అంది వనజాక్షి. టీ ఒక గుక్క తాగి, "మా కరివేపాకు మళ్ళీ ఆకు రాలుస్తోంది. నువ్వు లేకపోయేసరికి ఎవర్నడగాలో తెలియలేదు" అంది.

"ఆకు అడుగున చూశావా? తెల్లగా ఉందా?"

"ఉంది."

"గంజి పల్చగా కలిపి సాయంత్రం పూట చల్లు. ఎండలో వద్దు."

కురియాచ్చన్ పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి ఒక ప్రశ్న రైలెక్కిన దగ్గర్నుంచి గొంతులో అడ్డం పడి ఉంది. భార్యని అడగలేక టీచర్ని అడిగాడు.

"టీచర్, నేను పోయానని చెప్పాక, నా గురించి ఏం చెప్పేది ఈవిడ?"

ఏలిక్కుట్టి కంగారుపడింది. "ఇప్పుడవన్నీ ఎందుకు ఇచ్చాయా?"

"చెప్పనీ. చచ్చినవాడికి తెలుసుకునే హక్కు లేదా?"

వనజాక్షి ఆయన్ని ఎగాదిగా చూసింది. "చాలా మంచాయన అనేది. పొద్దున్నే కాపీ గ్లాసుతో పెరట్లోకి వచ్చేవారట. ఈ మొక్క పేరేమిటి, ఆ పాదుకేం జబ్బు అని అడిగేవారట. ఈవిడ చెబుతుంటే అరుగు మీద కూర్చుని చివరిదాకా వినేవారట. అలాంటి మనిషి పోయాడే అని నేను ఏడ్చింది."

కురియాచ్చన్ గ్లాసు కింద పెట్టాడు. పెళ్ళయి ముప్ఫై అయిదేళ్ళు. పెరట్లోకి ఆయన వెళ్ళింది బట్టలారేసిన తీగ తెగినప్పుడు, పాము కనబడినప్పుడు. పేపరంతా ఆమెకి చదివి వినిపించాడు గాని ఆమె చెప్పేది ఒక్క పేజీ కూడా విన్నట్టు గుర్తు లేదు. తనని చంపేసిందని ఇన్నాళ్ళూ ఉడుక్కున్నాడు. పోయినాయన తనకంటే మంచివాడని ఇప్పుడు తెలిసింది. కళ్ళు మసకబారాయి. దుమ్ము పడిందన్నట్టు జేబురుమాలు తీశాడు.

వనజాక్షి వెళ్ళేముందు గొడుగు విప్పుతూ, "ఫోన్ చెయ్యి. నా ఫోన్లో నీ పేరు ఏలిక్కుట్టి అని మార్చుకున్నాను" అంది ఏలిక్కుట్టితో. ఆ మాట చాలు.

డెల్నా పనులుండి కోళిక్కోడ్‌లో ఆగిపోయింది. మధ్యాహ్నం రైలుకి మొగుడూ పెళ్ళాలిద్దరే ఎక్కారు. కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. కురియాచ్చన్ చంకలో పేపరు ఉంది గాని విప్పలేదు. తిరూర్ దాటింది.

"రేపు చర్చిలో అచ్చన్‌కి చెప్పాలి, అది నటన కాదని" అన్నాడు చివరికి.

"క్రిస్మస్ వేషం పోయినట్టే" అంది ఏలిక్కుట్టి.

ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. కిటికీలోంచి గాలి గట్టిగా కొడుతోంది.

"ఏలీ, నేను అంత చెడ్డవాణ్ణా?"

"చెడ్డవారు కాదు ఇచ్చాయా. ఎప్పుడూ చెబుతూ ఉంటారు, అంతే. వనజకి అవునని కొట్టినప్పుడు మీరు వరండాలోనే ఉన్నారు. నాకు మాత్రం ఒక్కదాన్నే అనిపించింది. అబద్ధం ఆడుతున్నాననే అనిపించలేదు."

కురియాచ్చన్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, ముందుకి వంగి కూర్చున్నాడు.

"ఆ పోయినాయన ఇంకా ఏం చేసేవాడు? చెప్పు. వింటాను."

ఏలిక్కుట్టి సిగ్గుపడుతూ కిటికీవైపు తిరిగింది. "ఏముంది. ఆయన తినేముందు నన్నడిగేవాడు, తిన్నావా అని. వనజకి అలా చెప్పాను."

పెట్టెలోకి అరటిపండు బజ్జీలు, పళంపొరి అమ్మేవాడు వచ్చాడు. కురియాచ్చన్ వాణ్ణి ఆపి, వేడివి ఏరించి, పొట్లం అందుకున్నాడు. ఒకటి తీసి నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. చెయ్యి దించి భార్యవైపు చూశాడు.

"తిన్నావా ఏలీ?"

"లేదు. నిన్నటినుంచి ఏమీ తినలేదు. చాలా ఆకలేస్తోంది" అంది ఏలిక్కుట్టి.

పొట్లం మొత్తం ఆమె ఒళ్ళో పెట్టి, ఆమె తింటూ మిరప ఆకుముడత గురించి మొదలుపెట్టిందంతా కోట్టయం వచ్చేదాకా విన్నాడు.